మేకుకు వేలాడిన పాస్‌వర్డులు

గుమ్మడిదలలో బస్సులు ఆగే చోట, పంక్చర్ల దుకాణానికీ చాయ్ హోటలుకీ నడుమ సుమిత్ర నెట్ సెంటర్ ఉండేది. రెండు వేల ఏడు నాటి మాట ఇది. లోపల మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కరెంటు పోయినప్పుడు పది నిమిషాలు ఆదుకునే ఒక బ్యాటరీ. వీటన్నిటికన్నా ఎక్కువ పనిచేసే వస్తువు మాత్రం గుమ్మం పక్కన మేకుకు పురికొసతో వేలాడే పొడుగాటి నోటుపుస్తకం.

ఆ పుస్తకంలో నూట ఇరవై మంది పాస్‌వర్డులు ఉండేవి.

దాపరికం ఏమీ లేదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మందుల కంపెనీల్లో ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టేవాళ్ళూ, పరీక్షా ఫలితాలు చూసుకునేవాళ్ళూ సుమిత్ర దగ్గరికి వచ్చి ఈమెయిల్ తెరిపించుకునేవారు. తెరిచిన మరునాటికి పాస్‌వర్డ్ మరిచిపోయేవారు. "నాదేందో జెర యాది చెయ్యి అక్కా" అని వచ్చిన ప్రతివాడూ అడుగుతుంటే విసుగెత్తి, ఒకరోజు ఆమె అన్నీ రాసి మేకుకు తగిలించింది. అప్పటి నుంచి ఎవరికి వారే వేలు తడి చేసుకుని పేజీలు తిప్పి, తమ పేరు ఎదుట ఉన్నది చూసుకుని కూర్చునేవారు. తమది దొరికేలోగా ఇతరులవి పది కంటపడేవి. చాలావరకు అన్నీ ఒకటే తీరు. బొంతపల్లి వీరభద్రుడి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. దేవుడి పేరుతో మొదలుపెడితే పని కలిసి వస్తుందని ఎవరో ఒకరు పెట్టించుకున్నారు. అది చూసి అందరూ అదే పెట్టించుకున్నారు.

చదువుతున్న మీకు నవ్వు వస్తుంది. నవ్వండి, తప్పులేదు. నవ్విన తరువాత మాత్రం మీ ఇంటి తాళంచెవి ఎక్కడ పెట్టి బయటికి వెళతారో, ఆ చోటు ఎంతమందికి తెలుసో ఒకసారి ఆలోచించుకోండి. మనం కంప్యూటరు కొనుక్కున్నాం కానీ, గూట్లో తాళంచెవి పెట్టి పోయే మన అలవాటును దానితోపాటు తెచ్చి పెట్టుకున్నాం.

ఆ పుస్తకంలో పేరు లేని మనిషి ఒక్కరే, త్రినాథరావు గారు. ఎక్కడో శ్రీకాకుళం వైపు నుంచి తపాలా ఉద్యోగం మీద ఈ ప్రాంతానికి వచ్చి, పాతికేళ్ళు పనిచేసి, గుమ్మడిదలలోనే పోస్టుమాస్టరుగా రిటైరై, ఇక్కడే ఒక చిన్న ఇల్లు కట్టుకున్నారు. రోజూ పదిన్నరకు వచ్చి మెయిలు చూసుకునేవారు. పాస్‌వర్డ్ కొట్టే ముందు భుజం మీది కండువా తీసి కీబోర్డు మీదా, చేతుల మీదా కప్పుకునేవారు. ఆ కండువా కింద ఆయన వేళ్ళు కదులుతుంటే అక్కడున్నవాళ్ళకు పండగ.

"ఏం సారూ, లోపల లంకెబిందెలున్నయా?" అనేవాడు కొమురయ్య. అతనిది నల్లకుంటపల్లి, సుమిత్ర ఊరే.

"ఉత్తరాలున్నాయి కొమురయ్యా" అనేవారు ఆయన, తల తిప్పకుండానే.

సుమిత్ర కూడా నవ్వేది. ఊరంతా ఒక కుటుంబంలా ఉన్నచోట ఈ పెద్దమనిషికి అందరి మీదా ఇంత అనుమానం ఎందుకా అని మనసులో కొంచెం నొచ్చుకునేది కూడా.

నల్లకుంటపల్లి అక్కడికి మూడు కిలోమీటర్లు. ఊరి పక్కనే వాగు. వాగుకు ఎగువన ఒక మందుల కంపెనీ. వానలు పడ్డ రోజుల్లో వాగు మీద తెల్లటి నురగ మోకాలెత్తు లేచేది. బోరు నీళ్ళు కాచితే గిన్నె అడుగున పచ్చటి పొర మిగిలేది. నాటు వేసే ఆడవాళ్ళ కాళ్ళకు పుండ్లు పడి మానేవి కావు. ఊళ్ళోవాళ్ళు అయిదుగురితో నీళ్ళ కమిటీ వేసుకున్నారు. పెద్ద రైతు మొగులయ్య, కూలి పనికి పోయే బీరమ్మ, ట్రాక్టరు నడిపే కొమురయ్య, అదే కంపెనీలో బాయిలరు దగ్గర పనిచేసే ఐలన్న, చదువుకున్న పిల్ల అని సుమిత్ర. ఐలన్నను వద్దని ఎవరూ అనలేదు, ఎందుకంటే అందరికన్నా పెద్ద పుండ్లు ఆయన భార్య మల్లవ్వ కాళ్ళకే ఉన్నాయి.

సుమిత్ర కమిటీ పేరు మీద ఒక ఈమెయిలు తెరిచింది. వాగు ఫోటోలు పెట్టడానికి ఉచితంగా దొరికే చోట ఒక వెబ్‌సైటు కూడా తయారుచేసింది. రెంటికీ పాస్‌వర్డ్ ఏదో మీకు తెలుసు. అంతటితో ఆగితే కొంత నయం. గ్రామసభలో మొగులయ్య లేచి నిలబడి, "గిది ఊరి ఉత్తరాల డబ్బా. నా ఒక్కనిది గాదు, సుమిత్రది గాదు. ఊరందరికి ఎరుక ఉండాలె" అని పాస్‌వర్డ్ చదివి వినిపించాడు. ఎవరి దగ్గరా ఏదీ దాచకూడదన్నది ఆయన ఉద్దేశం. చాలా మంచి ఉద్దేశం. సభ చప్పట్లు కొట్టింది.

రెండేళ్ళ పాటు కాగితాలు, ఫోటోలు పంపగా పంపగా చివరికి సంగారెడ్డిలోని కాలుష్య నియంత్రణ కార్యాలయం నుంచి ఇంజనీరు వెంకటేశం గారు జవాబు రాశారు. వచ్చే శుక్రవారం స్వయంగా వచ్చి వాగు నీళ్ళు, బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకుని పరీక్షకు పంపుతానని. ఆ జవాబు ప్రింటు తీసి సుమిత్ర ఊళ్ళోకి తెచ్చిన రోజు బీరమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆమెకు చదువు రాదు.

ఆ శుక్రవారానికి మూడు రోజుల ముందు, మంగళవారం పొద్దున సుమిత్ర మెయిలు తెరిచి చూస్తే ఇంజనీరు దగ్గర నుంచి ఇంకో జవాబు ఉంది. "మీ కోరిక ప్రకారం శుక్రవారం తనిఖీని రద్దు చేస్తున్నాము."

ఎవరి కోరిక? పంపిన ఉత్తరాల్లో వెతికింది. ముందు రోజు మధ్యాహ్నం కమిటీ ఖాతా నుంచే ఒక ఉత్తరం వెళ్ళింది. మంచి ఇంగ్లీషులో ఉంది. నీళ్ళ సమస్య తీరిపోయిందనీ, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నామనీ, శ్రమ ఇచ్చినందుకు మన్నించమనీ. కింద కమిటీ పేరు. వెబ్‌సైటు కూడా తెరిచి చూసింది. నురగ ఫోటోలు లేవు. వాటి చోట ఎక్కడిదో అందమైన సెలయేరు బొమ్మ, కింద "మా ఊరి నీరు ఇప్పుడు స్వచ్ఛం" అన్న ఒక్క వాక్యం.

ఆమె వెంటనే ఖాతా పాస్‌వర్డ్ మార్చేసి, షట్టరు దించి ఊరికి పరిగెత్తింది.

మొగులయ్య ఇంటి అరుగు మీద కమిటీ కూర్చుంది. సుమిత్రకు ఆయన పెదనాన్న. ఆమె ఉత్తరం చదివి చెప్పింది. కొమురయ్య వెంటనే అందుకున్నాడు.

"కంపెనీల పనిచేసేటోన్ని కమిటీల పెట్టుకున్నప్పుడే నాకు మనసున పట్టలే. పొద్దుగాల ఆడికి పోవుడు, పొద్దుమీకి వచ్చి ఈడ మన ముచ్చట్లు ఇనుడు. ఆడ చెప్పడని ఏం నమ్మకం?"

ఐలన్న అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. టిఫిన్ డబ్బా సంచి ఇంకా భుజానికే ఉంది.

"కొమురయ్యా, నాకు ఇంగ్లీషుల నా పేరు రాసుడే సక్కగ రాదు. గా ఉత్తరం నేను రాసిన్నా?"

"నువ్వు రాసినవంటలేను. పాస్‌వర్డు చెప్పొచ్చు గద."

"చెప్పలే."

"చెప్పలేదని మాకెట్ల ఎరుక?"

ఈ ప్రశ్నకు లోకంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఒక పని చేశానని రుజువు చూపించవచ్చు. చెప్పలేదని ఎలా చూపించగలడు? ఐలన్న మొగులయ్య వైపు తిరిగాడు.

"పటేలా, నువ్వేమంటవ్?"

మొగులయ్య నేల చూపులు చూశాడు. సుమిత్ర కాగితం వైపు చూసింది. బీరమ్మ మాత్రం, "ఐలన్న గసుంటోడు గాదు" అంది కానీ ఆ మాట గట్టిగా అనలేదు.

"గంతే గదా" అన్నాడు ఐలన్న. "పదకొండేండ్ల సంది ఆ పొగల పనిచేస్తున్న. ఇంటికొస్తే నా పెండ్లాం గా నీళ్ళే తాగుతది. ఇగ మీ కమిటీకి, నాకు సంబంధం లేదు." సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఎక్కడో కూర్చుని ఎవరో ఒక ఉత్తరం రాశారు. దానివల్ల తనిఖీ ఆగిపోయింది, అది ఒక నష్టం. రెండేళ్ళు ఒకే పని మీద కలిసి తిరిగిన మనుషులు అరగంటలో విడిపోయారు. ఇది అంతకన్నా పెద్ద నష్టమని నాకు అనిపిస్తుంది.

బుధవారం పొద్దున్నే సుమిత్ర, మొగులయ్య బస్సెక్కి పటాన్‌చెరులో దిగి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని సంగారెడ్డి వెళ్ళారు. వెంకటేశం గారు మర్యాదగానే కూర్చోబెట్టారు. చెప్పిందంతా విని, తన కంప్యూటరు వైపు చూసి, ఇబ్బందిగా కుర్చీలో కదిలారు.

"నిన్న రాత్రి మీ దగ్గర్నుంచి ఇంకో మెయిల్ వచ్చిందమ్మా. ఊళ్ళో గొడవలు పెట్టేవాళ్ళు కొందరు మీ ఆఫీసుకు రావచ్చు, వాళ్ళ మాట వినొద్దు అని ఉంది."

"నేను పంపలే సార్! నిన్న పొద్దుగాలనే పాస్‌వర్డ్ మార్చేసిన."

"మార్చాక అది ఎవరెవరికి తెలుసు?"

"నాకొక్కదానికే."

అన్నాక గానీ ఆమెకు తన మాటలోని అర్థం తెలియలేదు. పెదనాన్న తన వైపు చూశాడు. ఒక్క క్షణమే చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. చిన్నప్పటి నుంచి ఎత్తుకుని పెంచిన మనిషి. అయినా ఆ ఒక్క క్షణంలో ఆ కళ్ళలో ఉన్నది అనుమానమే. తాను కాకా అని వరస కలిపి పిలిచే ఐలన్న నిన్న అరుగు మీద ఎట్లా నిలబడ్డాడో, ఆయనకు ఎంత నొప్పి కలిగిందో సుమిత్రకు అప్పుడు తెలిసింది. చెప్పలేనంత ఏడుపు వచ్చింది.

వెంకటేశం గారు నెమ్మదిగా అన్నారు. "మీరు అబద్ధం చెబుతున్నారని నేననను. కానీ మొదటి ఫిర్యాదు, వెనక్కి తీసుకున్న ఉత్తరం, ఇదీ అన్నీ ఒకే చిరునామా నుంచి వచ్చాయి. ఏది మీదో నేనెలా పోల్చుకోవాలి? మొదట్లో మీరు అయిదుగురు సంతకాలతో కాగితం ఇచ్చారు. ఆ అయిదుగురూ మళ్ళీ సంతకాలు చేసిన కాగితం రేపు మధ్యాహ్నం మూడింటి లోపల నా బల్ల మీద ఉంటే శుక్రవారం తప్పకుండా వస్తాను. నలుగురు చేస్తే చాలదు."

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. ముత్తంగి దాటాక మొగులయ్య, "ఐలన్న చేస్తడా సంతకం?" అన్నాడు. తరువాత ఇంకాసేపటికి, "నీ దిక్కు గట్ల సూసినందుకు ఏమనుకోకు బిడ్డా" అన్నాడు.

"నాకు ఒక్క నిమిషమే పెదనాయినా. కాకకు నిన్నటి సంది" అంది సుమిత్ర.

నెట్ సెంటర్ తెరిచి కూర్చుంటే నిన్న పెట్టిన కొత్త పాస్‌వర్డ్ పనిచేయలేదు. ఖాతా తలుపు ఇంటివాళ్ళకే మూసుకుపోయింది. ఏం చేయాలో తోచక, చాయ్ హోటలు బల్ల మీద పేపరు చదువుకుంటున్న త్రినాథరావు గారి దగ్గరికి వెళ్ళి జరిగినదంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని లోపలికి వచ్చారు. "ఇప్పుడు తెలిసిందా" అని గానీ, "నవ్వారుగా" అని గానీ అనలేదు. అటువంటి పెద్దలు కొందరే ఉంటారు.

"మరిచిపోతే ఒక ప్రశ్న అడుగుతుందమ్మా, దానికి ఏమి జవాబు పెట్టావు?"

"మీ ఊరు ఏది అని ప్రశ్న. నల్లకుంటపల్లి అని పెట్టిన."

"ఊరి బోర్డు మీదే రాసి ఉన్న జవాబు. సరే, కొట్టు."

ఖాతా తెరుచుకుంది. పరాయివాడు వచ్చేందుకు వీలైన దొడ్డిదారినే ఇంటి మనిషి కూడా లోపలికి పోవలసి వచ్చింది. త్రినాథరావు గారు ఖాతా వివరాల పేజీ తెరిపించి వేలితో చూపించారు. పాస్‌వర్డ్ పోతే కొత్తది పంపించాల్సిన ఇంకో చిరునామా అని ఒక గడి ఉంది. అందులో సుమిత్ర ఎన్నడూ చూడని చిరునామా ఒకటి ఉంది.

"మొదటి రోజే ఇది పెట్టి పోయాడు. నువ్వు తాళం మార్చావు. మారుతాళం వాడి ఇంటికి పంపే ఏర్పాటు మాత్రం అలాగే ఉంచావు. మరిచిపోయానని ఒక మాట అన్నాడు, కొత్తది వాడికే వెళ్ళింది."

ఆ చిరునామాను, ఫలానా రోజు ఖాతాలో కనబడిందన్న సంగతిని ముందు కాగితం మీద రాయించి, ఇంజనీరు గారికి ఇవ్వడానికి పక్కన పెట్టించారు. తరువాత దాన్ని తీసేయించి, ఆమె సొంత చిరునామా పెట్టించారు. ప్రశ్నకు జవాబు ఊరి పేరు కాకుండా, ఇంకెవరూ ఊహించలేనిది పెట్టుకోమన్నారు. వచ్చిన ఉత్తరాలు ఇంకెక్కడికైనా నకలు వెళ్ళేటట్టు ఏర్పాటు ఉందేమో వెతికించారు. లేదు. అప్పుడు గానీ పాస్‌వర్డ్ మార్చనివ్వలేదు.

"ముందు మెయిలు. తరువాతే వెబ్‌సైటు. ఎందుకంటే వెబ్‌సైటు తాళం మరిచిపోయామంటే కొత్తది ఈ మెయిలుకే వస్తుంది. ఇది చిక్కితే అదీ చిక్కినట్టే. ఇంకో సంగతి, రెంటికీ ఒకే తాళం వద్దు. ఒకటి పోయినా ఇంకోటి నిలవాలి."

"గుర్తుంటదా సారూ?"

"పొడుగ్గా పెట్టుకో. నీకు మాత్రమే తెలిసిన నాలుగు మాటలు కలిపి, మధ్యలో అంకెలు వేసుకో. దేవుణ్ణి మాత్రం కాస్త విశ్రాంతి తీసుకోనీ."

ఆ రోజు మొట్టమొదటిసారి ఆమె నవ్వింది. పాస్‌వర్డ్ కొట్టబోతూ ఒక్క క్షణం ఆగింది. ఆయన అప్పటికే లేచి వీధి వైపు తిరిగి నిలబడి ఉన్నారు. చాయ్ హోటల్ కుర్రాడెవరో గుమ్మంలోకి తొంగి చూస్తే, ఆమె తన చున్నీ తీసి కీబోర్డు మీద కప్పుకుంది.

తరువాత మూడు కంప్యూటర్లలోనూ పాస్‌వర్డు గుర్తుపెట్టుకోమని టిక్కు పెట్టినవన్నీ తుడిచేసింది. మేకు మీది పుస్తకం దించి బల్ల సొరుగులో పెట్టి తాళం వేసింది. ఎవరు వస్తే వారి పేజీ వారికి చించి ఇచ్చి, వాళ్ళ చేతనే కొత్తది పెట్టించాలని అనుకుంది. వెబ్‌సైటులో సెలయేరు పోయి, మళ్ళీ నురగ వచ్చింది. ఆ నురగను చూసి సంతోషించడం ఆమె జీవితంలో అదొక్కసారే.

"ఇగ సంతకం ఒక్కటే మిగిలింది సారూ. కాక చెయ్యడు."

"చెయ్యమని అడిగే ముందు మీరు ఆయనకు ఇవ్వాల్సింది ఒకటుంది. రేపు పొద్దున నేనూ వస్తాను" అన్నారు త్రినాథరావు గారు.

గురువారం ఎనిమిది గంటలకు నీళ్ళ కమిటీ నలుగురూ, పోస్టుమాస్టరు గారూ ఐలన్న ఇంటి ముందుకు వెళ్ళారు. మొగులయ్య ఆ వాకిట్లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. పటేలు ఐలన్న ఇంటికి వచ్చాడని గల్లీ అంతా బయటికి వచ్చి నిలబడింది. పాతిక ముప్పై మంది ఉంటారు. ఐలన్న గడప దగ్గరే నిలబడ్డాడు, కూర్చోమని అనలేదు. మల్లవ్వే మంచం వాల్చింది.

త్రినాథరావు గారు కూర్చోకుండానే అడిగారు. "అందరికీ ఒక్క మాట. కమిటీ మెయిలు పాత పాస్‌వర్డ్ ఇక్కడ ఎవరికి తెలుసు? తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి. తప్పేం లేదు."

మొదట ఎవరూ ఎత్తలేదు. తరువాత మొగులయ్యే ఎత్తాడు. ఆయనను చూసి ఇంకొకరు. తరువాత ఒక్కొక్కటే లేస్తూ, గల్లీలో సగం చేతులు పైకి వచ్చాయి. వాటిలో కొమురయ్య చెయ్యి కూడా ఉంది.

"నాకు గూడ ఎరుకే" అంది బీరమ్మ. "వీరభద్ర, ఎన్క ఒకటి రెండు మూడు. గ్రామసభల పటేలు చెప్పిండు గద. నాటేసేటప్పుడు పొలంల అందరం అనుకున్నం, మన దేవుని పేరే పెట్టిండ్రని."

ఎవరో నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"చదువురాని బీరమ్మకు తెలిసినప్పుడు తెలియనిది ఎవరికి?" అన్నారు త్రినాథరావు గారు. "ఈ గల్లీకి తెలుసు. నిన్నటి దాకా గుమ్మడిదలలో గోడకు వేలాడింది. ఆ గోడ పక్క నుంచి రోజుకు ఎంతమంది పోతారో సుమిత్రకే తెలియదు. ఎవరు చేశారో నాకూ తెలియదు. కానీ ఇంతమందికి తెలిసిన దానికి ఒక్క ఐలన్నను నిలబెట్టి అడగడం న్యాయమా?"

ఆయన కొనసాగించారు.

"నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు మా ఆఫీసులో జంగయ్య అని ఒకాయన సంచులు మోసేవాడు. రోజూ సాయంత్రం సంచి మూతికి తాడు కట్టి, లక్క కరిగించి పోసి, దాని మీద ముద్ర కొట్టి ఆయన చేతికి ఇవ్వాలి. నాకు సిగ్గుగా ఉండేది. తండ్రి వయసు మనిషి ముందు, నిన్ను నమ్మను అన్నట్టు రోజూ లక్క పోయడమేమిటని. ఒకరోజు తొందరలో, పోనీలే మనవాడే కదా అని లక్క లేకుండా ఇవ్వబోయాను. ఆయన సంచి ముట్టుకోలేదు. బాబూ, లక్క పోస్తేనే మోస్తాను అన్నాడు. కొన్నాళ్ళకు ఒక పిల్ల సర్టిఫికెట్లు ఉన్న రిజిస్టరు ఉత్తరం కనబడకుండా పోయింది. అందరూ జంగయ్య వైపు చూశారు. సంచి తెచ్చి చూస్తే లక్క చెదరలేదు. ఆ ఉత్తరం అసలు సంచిలోకే ఎక్కలేదని తేలి, వెతికితే సార్టింగు బల్ల వెనక దొరికింది. ఆ లక్కే లేకపోతే, ఆయన ఏం చూపించి బతికేవాడు?"

ఐలన్న తల ఎత్తాడు.

మొగులయ్య మంచం మీద నుంచి లేచాడు. అందరి ముందు మాట్లాడటం ఆయనకు అలవాటే, కానీ ఆ రోజు మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. "తప్పు నాది. ఎవరి దగ్గర దాపరికం ఉండొద్దని సభల చదివిన. నువ్వు నన్ను అడిగినప్పుడు నోరు మూసుకున్న. ఐలన్నా, గది యాది పెట్టుకుంటే పెట్టుకో. నీళ్ళ కోసం మాత్రం సంతకం చెయ్యి."

"నేను గూడ నోరు జారిన" అన్నాడు కొమురయ్య, ఎవరి ముఖమూ చూడకుండా.

మల్లవ్వ చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తి గడప మీద కూర్చుంది. ఆమె కాళ్ళకు కట్టిన గుడ్డలు అందరికీ కనబడ్డాయి. ఐలన్న అటు చూసి, "కాయితం ఇటియ్యి సుమిత్రా" అన్నాడు. తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో, తండ్రి పేరుతో సహా సంతకం పెట్టాడు. బీరమ్మ వేలిముద్ర వేసింది.

కాగితం రెండున్నరకు సంగారెడ్డి చేరింది. ఖాతాలో దొరికిన పరాయి చిరునామా రాసిన చీటీ కూడా సుమిత్ర ఇంజనీరు గారికి ఇచ్చింది. ఇకముందు కమిటీ నుంచి ముఖ్యమైన ఉత్తరం ఏది వచ్చినా, ఫోను చేసి అడిగిన తరువాతే నమ్మండి అని చెప్పి తనదీ మొగులయ్యదీ ఫోను నంబర్లు రాసి ఇచ్చింది. ఆయన ఆ కాగితం తన బల్ల అద్దం కింద పెట్టుకున్నారు.

ఆ ఉత్తరాలు రాసింది ఎవరో ఈ రోజుకీ తెలియదు. తెలిసినట్టు రాసి మీకు తృప్తి కలిగించవచ్చు, కానీ అది అబద్ధమవుతుంది. తలుపు అంత బార్లా తెరిచి ఉంచిన చోట ఏ అడుగు ఎవరిదో ఎలా పోల్చగలం?

శుక్రవారం పది గంటలకు జీపు వచ్చింది. వెంకటేశం గారు వాగులోకి దిగి నీళ్ళు పట్టారు, బోరు దగ్గర పట్టారు. కంపెనీ తరఫున ఒక అధికారి వచ్చాడు. ఊరి తరఫున ఎవరు ఉంటారంటే, మొగులయ్య ఐలన్నను ముందుకు రమ్మన్నాడు. తన కంపెనీ అధికారి ఎదుటే ఐలన్న వచ్చి నిలబడ్డాడు.

సీసాల మూతలు బిగించారు. మూత మీద గుడ్డ చుట్టి దారం కట్టారు. జీపులోంచి చిన్న దీపం, ఎర్రటి లక్క కడ్డీ తెచ్చారు. లక్క కరిగి ముడి మీద బొట్టు బొట్టుగా పడుతుంటే ఊరంతా చుట్టూ మూగి చూసింది. వెంకటేశం గారు దాని మీద ముద్ర నొక్కి, ఇద్దరి చేతా చీటీ మీద సంతకాలు తీసుకున్నారు.

"గింత కట్టుడెందుకు సారూ?" అని అడిగింది బీరమ్మ. "ఎవరి మీదనన్న అనుమానమా?"

ఇంజనీరు జవాబు చెప్పేలోగా ఐలన్నే చెప్పాడు. సంతకం చేసిన కలం ఇంకా చేతిలోనే ఉంది.

"అనుమానం ఉండి గాదే అవ్వా. రేపు ఏమన్న ఎక్కువ తక్కువైతే, నిన్నూ నన్నూ ఎవ్వరూ అనుమానించొద్దని."

త్రినాథరావు గారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. కంపెనీ అధికారి కూడా కాసేపు ఐలన్న వైపే చూశాడు.

మన ఇంటి తాళమైనా, మన ఉత్తరాల తాళమైనా, పక్కవాడు దొంగ అని వేసుకునేది కాదు. ఏనాడైనా దొంగ పడితే, మన పక్కవాడు తలవంచుకోవలసిన అవసరం రాకూడదని వేసుకునేది.